రాతల్లేని బట్టలు

ఆగస్టు, శనివారం మధ్యాహ్నం. మంచం నిండా బట్టలు. అమ్మ, హాలీ.

"అది తియ్యి."

"ఇంకా తొడుక్కోనే లేదమ్మా."

"తొడుక్కోకముందే చెప్తున్నాను. చారలున్నాయి. చారలుంటే ఫోటోలో కళ్ళు తిరుగుతాయి."

"ఎవరికి?"

"చూసేవాళ్ళకి. ప్రూయిట్ గారు చెప్పలా? చారలొద్దు, గళ్ళొద్దు, తళతళలాడేవి ఒద్దు..."

"ఫోటో తీసే ఆవిడ ఒకటి చెప్తే నువ్వు మూడు చెప్తావు. ఆవిడ సన్న చారలొద్దంది. ఇవి లావు చారలు."

"లావైనా సన్నమైనా చారలు చారలే. ఆ కుర్చీ మీద పడెయ్."

"కుర్చీ ఎక్కడుందో కనపడ్డం లేదు."

"కింద పడెయ్ అయితే."

"మరి ఇది?"

"అది నైటీలా ఉంది."

"ఈస్టరుకి నువ్వే కొన్నావు! హాలీ, నువ్వు అచ్చం బొమ్మలా ఉన్నావే అన్నావు."

"చర్చిలో బాగుంది. చర్చిలో గాలుండదు. బీచిలో గాలికి ఎగిరి నెత్తి మీదికొస్తే ఏం చేస్తావ్?"

"మొహం కనపడకుండా పోతుంది. అదే నయం."

"నోర్ముయ్."

"నిజమేనమ్మా. నా మొహం ఫోటోలో ఎట్లా ఉంటుందో నీకు తెలీదా? లైసెన్సు మీద చూశావుగా. ఐసులో పెట్టిన చేపలా."

"చేప నయం, నోరన్నా తెరుస్తుంది. నువ్వు పళ్ళు బిగించుకుని కూర్చున్నావు."

"ఎవరైనా నా వైపే చూస్తుంటే నాకు నవ్వు రాదు. ఏం చెయ్యను?"

"ఆవిడ వైపు చూడకు. నీళ్ళ వైపు చూడు. కాదు, కాదు. కెమెరా వైపే చూడు. నీళ్ళ వైపు చూసినవి పనికిరావు."

"ఎందుకు పనికిరావు?"

"పనికిరావంతే. తిన్నగా చూడాలి. జుట్టు మొహం మీద పడకూడదు. నల్లకళ్ళద్దాలు పెట్టకూడదు."

"స్కూలు ఆఖరి ఏడు ఆడపిల్లలందరికీ ఆవిడ నీళ్ళ వైపు చూస్తున్నదే తీస్తుంది. ఒక చేత్తో గౌను అంచు, ఒక చేత్తో చెప్పులు, ఇసకలో ఉంగరం పారేసుకుని వెతుక్కుంటున్నట్టు నడవాలి. మా క్లాసు బ్రెన్నాది చూడు, నిజంగానే ఏదో పోగొట్టుకున్నట్టుంది."

"ఆవిడ తీసేవి ఆవిడ తీసుకోనీ. మొదటిది మాత్రం నేను చెప్పినట్టు."

"నిన్న కూడా ఇదే అన్నావు."

"రేపు అనను. ఇవాళే కదా ఫోటో. మామూలు జత ఏది? మూడు జతలు తెమ్మన్నారుగా. మామూలుదొకటి, మంచిదొకటి..."

"ఒకటి నా ఇష్టం."

"అదే. మామూలుది చూపించు."

"ఈ టీషర్టు. జీన్సు."

"దాని మీద రాసుంది."

"నువ్వు పనిచేసే పీతల షెడ్డు పేరే కదా! క్రిస్మస్‌కి మీ ఓనరే ఇచ్చాడు. చూస్తే సంబరపడతాడు. నీకు ఒక పూట సెలవిచ్చినా ఇస్తాడు."

"రాతలొద్దు."

"ఈ పీత బొమ్మ చూడు ఎంత ముద్దుగా..."

"పీతయినా ఒద్దు, ఏదయినా ఒద్దు. రాతలున్నవి ఏవీ ఒద్దన్నానా! ఒక్క అక్షరం ఉండకూడదు!"

"అరవక్కర్లేదు."

"అరవలా."

"అరిచావు. కుక్క కూడా లేచి బయటికి పోయింది."

"దానికి చల్లగాలి కావాలేమో."

"ఆగస్టులోనా?"

"ఆ తెల్ల చొక్కా తియ్యి. చేతులు సగం మడిచి వేసుకో. జీన్సు మీదికి బాగుంటుంది. ఇటివ్వు, ఇస్త్రీ చేస్తాను."

"పొద్దున్నుంచీ చేస్తూనే ఉన్నావు. మూడు జతలకి ఇంత ఇస్త్రీయా?"

"బీచికి వెళ్ళేసరికి నలిగిపోతాయి. కార్లో వెనక వేలాడదియ్యమను పిన్నిని. అది సీటు మీద పడేస్తుంది. దాని కుక్క బొచ్చంతా అంటుకుంటుంది."

"పిన్నితో నువ్వే చెప్పు."

"చేతికున్న రబ్బరు బ్యాండు తీసెయ్. మచ్చ పడితే ఫోటోలో తెలుస్తుంది. గోళ్ళు చూపించు."

"బాగానే ఉన్నాయి."

"రంగు వేస్తానుండు. లేత గులాబీది ఉంది."

"ఎర్రది లేదా? నువ్వు ఇదివరకు వేసుకునేదానివిగా, చెర్రీ పండు రంగు."

"ఎర్రది ఒద్దు. ఊడితే అసహ్యంగా ఉంటుంది."

"ఇవాళ వేస్తే ఇవాళే ఊడుతుందా?"

"గులాబీది చాలు. చెయ్యిటు పెట్టు. కదపకు."

"నీ వేళ్ళేంటమ్మా ఇట్లా అయినయ్? మళ్ళీ కోసుకున్నావా?"

"పీతలు ఒలిచేవాళ్ళ వేళ్ళు ఎట్లా ఉంటాయి మరి? కదపకన్నానా. వేరుశెనక్కాయలు ఉడకబెట్టాను, వెళ్ళేప్పుడు తీసుకెళ్ళండి. ఎండ దిగాక గానీ మొదలెట్టరు, ఆకలేస్తుంది. గౌను మీద ఆ ఉప్పునీళ్ళు పోసుకోకు."

"తీసుకెళ్ళండి ఏమిటి?"

"మీరు. నువ్వూ పిన్నీ."

"నువ్వు రావా?"

"చివరి వేలు చూపించు."

"అమ్మా, నువ్వు రావా?"

"పిన్ని తీసుకెళ్తుందిగా. దానికి ఇట్లాంటివి బాగా తెలుసు. దాని కూతురివి అదే చూసుకుంది."

"పిన్ని పొద్దస్తమానం ఫోన్ మాట్లాడుతుంది. నా జుట్టు ఎవరు చూస్తారు?"

"ప్రూయిట్ గారు చూస్తారు."

"మొహమ్మీద పడకూడదన్నది నువ్వు. రాతలొద్దన్నది నువ్వు. ఇంత చేసి రావా? ఎందుకు రావు?"

"పొయ్యి మీద చిక్కుళ్ళున్నాయి."

"కట్టెయ్."

"రేపు మీ నాన్న పడవ వస్తుంది. ఆయన బట్టలు, ఇల్లు..."

"నాన్న వచ్చేది రేపు. ఫోటో ఇవాళ."

"నాకు ఎండ పడదు."

"ఎండ దిగాక కదా అంటివి ఇప్పుడే."

"ఊదు. గోళ్ళు ఊదుకో. ఆరవు."

"వంతెన దాటాలనా?"

"ఏ వంతెన?"

"మన ఊర్నించి బీచికి పోవడానికి ఎన్ని వంతెనలున్నాయమ్మా?"

"హాలీ, నాకు చాలా పనుంది. ఇంక ఆ మంచి జత చూపించు."

"నువ్వు రాకపోతే మన చర్చి వెనక చెట్టు కింద తీయించుకుంటాను. వంతెన దాటక్కర్లేదు. బీచే ఎందుకు కావాలి నీకు?"

"వాడిది బీచిలోనే అనుకున్నాం. నీదీ బీచిలోనే. మాట్లాడకు."

"సరే. అయితే ఆఖర్లో బ్రెన్నా వస్తుంది. ఇద్దరం కలిసి ఒకటి దిగుతాం."

"ఒద్దు."

"ప్రూయిట్ గారు సరేనన్నారు."

"నేననలా. నీ పక్కన ఎవరూ ఉండకూడదు. నీ మీద ఎవరి చెయ్యీ ఉండకూడదు."

"చెయ్యి సంగతి ఎవరెత్తారిప్పుడు?"

"ఎవరూ ఎత్తలా. ఒక్కదానివే ఉండాలంటున్నాను."

"బ్రెన్నా నా చిన్నప్పట్నుంచీ..."

"బ్రెన్నాతో రోజూ దిగుతూనే ఉంటావుగా ఫోన్లో. ఇది వేరు. గోళ్ళు ఆరాయా? మంచి జత చూపించు."

"నీలం గౌను. తలుపు వెనక తగిలించాను."

"ఇది బాగుంది."

"హమ్మయ్య. కుక్కని పిలుస్తానుండు, ఇది కూడా వినాలి."

"వెటకారాలు చాలుగానీ, ఇది బాగుంది. పూలు లేవు, ఏమీ లేవు. మెడ కూడా మరీ కిందికి లేదు. మీ అమ్మమ్మ గొలుసు వేసుకో. ఎవరు చూసినా పద్ధతైన పిల్ల అంటారు."

"ఎవరు చూస్తారు?"

"చూసేవాళ్ళు."

"నువ్వు అదే అంటున్నావు పొద్దున్నుంచీ. చూసేవాళ్ళు, చూసేవాళ్ళు."

"నీ ఇష్టమన్న జత ఏది?"

"చూపిస్తే కోప్పడకూడదు."

"కోప్పడను."

"ఒట్టు?"

"ముందు చూపించవే."

"ఇదిగో."

"ఇదెక్కడిది నీకు?"

"నాన్న ఇచ్చాడు."

"మీ నాన్నా?"

"పడవెక్కే ముందు. నా మంచం మీద పెట్టి వెళ్ళిపోయాడు. నేను లేచి చూసేసరికి ట్రక్కు మలుపు దాటింది."

"ఆయన ఎక్కడ దాచాడో అని నేను ఇల్లంతా... సరే. మడత పెట్టు. పెట్టెలో పెడదాం."

"ఇదే నా ఇష్టం జత."

"స్కూల్ టీము ఉన్ని జాకెట్టు. ఆగస్టులో. ఉడికి చస్తావ్."

"పది నిమిషాలే కదా. మా క్లాసులో సగం మంది అన్నల జాకెట్లు వేసుకునే దిగారు. గౌను మీద, చేతులు జారవిడిచి. చూడు, నాకు మోకాళ్ళ దాకా వస్తుంది. అన్నయ్య ఉంటే దిష్టిబొమ్మకి తొడిగినట్టుంది అనేవాడు."

"తియ్యి."

"వేసుకుని చూపించానంతేగా."

"తియ్యమన్నానా. రాతలొద్దని ఎన్నిసార్లు చెప్పాలి?"

"ఇది రాతా? అన్నయ్య పేరు. వెస్లీ. నువ్వే కుట్టించావు."

"నీ గుండె మీద వాడి పేరొద్దు. ఆ ఫోటోలో ఒద్దు."

"ఎందుకు?"

"ఒద్దంటే ఒద్దు."

"ఎందుకో చెప్పు. వాడి పేరు ఇంట్లో ఎవరూ అనడం లేదు. నాన్న అనడు. నువ్వు వాడు, వాడు అంటావంతే. నా ఫోటోలో ఉంటే ఏం?"

"చూసేవాళ్ళు ఇద్దరినీ కలిపి తలుచుకుంటారే! అన్న పోయాడు, ఇప్పుడు చెల్లెలు కూడా అని..."

"ఇప్పుడు చెల్లెలు కూడా, ఏమిటి?"

"ఏం లేదు."

"ఏం అనబోయావు?"

"ఏం లేదన్నానుగా. ఆ గొలుసు వెతుకు."

"అమ్మా, ఈ ఫోటో దేనికి తీయిస్తున్నావ్?"

"ఇయర్‌బుక్‌కి. స్కూల్లో ఆఖరి ఏడు అందరివీ వేస్తారుగా, ఇంకెందుకు?"

"కాదు."

"గోడకి. అమ్మమ్మ వాళ్ళకి పంపడానికి. అందరూ ఎందుకు తీయించుకుంటారో అందుకే."

"తిన్నగా చూడాలి. జుట్టు పడకూడదు. పక్కన ఎవరూ ఉండకూడదు. ఒక్క అక్షరం ఉండకూడదు. ఎవరు చూసినా పద్ధతైన పిల్ల అనాలి. నా శవం పెట్టె పక్కన పెట్టడానికే కదా?"

"హాలీ!"

"అవునా కాదా? నేను చచ్చిపోతే చర్చి వాకిట్లో పెట్టడానికే కదా ఇంత ఇస్త్రీ?"

"ఇస్త్రీపెట్టె తీసెయ్. మాడు వాసనొస్తోంది."

"తీశాను. ఏం మాడలేదు. కూర్చో. ఇటు జరిపాను, కూర్చో."

"నేను నీ చావు కోరతానా?"

"కోరతావని అనలేదు."

"నువ్వు కారు తీసినప్పుడల్లా నా ప్రాణం ఎట్లా ఉంటుందో నీకేం తెలుసు?"

"తెలుసు. కిటికీలోంచి కనపడుతూనే ఉంటావు. నేను వెనక్కి తీసి రోడ్డెక్కేదాకా వాకిట్లో తువ్వాలు చేతబట్టుకుని నిలబడతావు. తుడవడానికి అక్కడేమీ ఉండదు."

"ఈ ఊళ్ళో చిన్నవయసులో పోయిన ప్రతివాళ్ళదీ ఆ ఫోటోనే కదే. ఆఖరి ఏడు స్కూల్లో దిగింది. పేపర్లో అదే, చర్చి వాకిట్లో అదే, పెట్టె పక్కన అదే. ఆ లైబ్రరీ ఆవిడ కూతురు గుర్తుందా? పసుప్పచ్చ గౌను, వెనక ఇసకదిబ్బల మీద గడ్డి, ఎండ మొహం మీద పడి... జనం పెట్టె దగ్గరికొచ్చి ఎంత బాగుందమ్మా అన్నారు. చచ్చిపోయిన పిల్లని చూసి ఎంత బాగుందమ్మా అంటే, ఆ తల్లికి అది ఎంతో తెలుసా నీకు?"

"తెలీదు."

"నాకు తెలుసు. నాకు ఎవరూ అనలా."

"అన్నయ్యకి ఆ ఫోటో లేదు కాబట్టి."

"గుండు కొట్టించుకున్నాడు. ఆ ఫుట్‌బాల్ క్యాంపులో సీనియర్లందరూ ఒకళ్ళకొకళ్ళు గొరుక్కున్నారు. ఎలక కొరికిన కొబ్బరికాయలా వచ్చాడు ఇంటికి. మర్నాడే ప్రూయిట్ గారి దగ్గరికి వెళ్ళాలి."

"నాకు గుర్తుంది. నువ్వు చీపురు పట్టుకుని వెంటబడ్డావు."

"వాడు నవ్వుకుంటూ పడవ కప్పెక్కాడు. జుట్టు రానీవే అమ్మా, అక్టోబర్లో దిగుతాను అన్నాడు. అక్టోబర్లో తుఫానొచ్చి బీచికెళ్ళే చెక్కదారి కొట్టుకుపోయింది. ఇంక చలి పోయాక అన్నాడు. చలి పోలేదు. ఫిబ్రవరిలో ఆ పొగమంచు..."

"చెప్పకు. నాకు తెలుసు."

"పని అయిపోయింది, బయల్దేరానమ్మా అని ఫోన్ చేశాడు ఆ ఒడ్డునుంచి. వంతెన దాటడమే కదా అనుకున్నాను. అన్నం వేడిచేశాను."

"అమ్మా, చెప్పకు."

"మర్నాడు పేపరు వాళ్ళు ఫోటో కావాలన్నారు. సాయంత్రం లోపల పంపాలమ్మా అన్నారు. నా ఫోన్లో వాడివి ఎన్నున్నాయో! ఒక్కొక్కటీ చూస్తున్నాను. అన్నిట్లో చేపే."

"చేప చిన్నది. పెద్దగా కనపడాలని చేతులు చాపి కెమెరా మీదికి తోసేవాడు."

"అదే. చేప తాటికాయంత, వెనకాల వాడి మొహం గోళీకాయంత. కళ్ళు కనపడవు. టోపీ. నల్లకళ్ళద్దాలు. ఒకదాంట్లో వీపు. ఒకదాంట్లో కుక్క, వాడి చెయ్యి. కన్నకొడుకు మొహం దొరకలేదే నాకు."

"నా ఫోన్లో కూడా లేదు. నేనూ వెతికాను, నీకు చెప్పలేదు."

"చివరికి ఆ జూలై నాలుగు పండగ నాటిది. మీ పిన్ని డోరిన్ పెరట్లో దిగింది. అందులోనే వాడు కళ్ళు విప్పి తిన్నగా చూశాడు. మొహం కూడా పెద్దదిగా ఉంది."

"నేను చర్చి క్యాంపులో ఉన్నానప్పుడు."

"ఆ టీషర్టులో."

"ఆ టీషర్టు నేనే కొన్నానమ్మా. వాడి పుట్టినరోజుకి."

"నీ మీద అంటం లేదే."

"పైన 'నన్ను లేపొద్దు' అని. కింద చిన్నక్షరాలతో 'చేపలు పడుతుంటే తప్ప' అని. దుకాణంలో చదివి నేనెంత నవ్వానో. వాడికే రాసినట్టుంది అనుకున్నాను."

"వాడికి అదంటే ప్రాణం. చిరిగేదాకా తొడిగాడు."

"ఫ్రేము కట్టిన లూపర్ గారు ఫోటోని ఛాతీ దగ్గర కత్తిరించేశారు."

"ఫ్రేములో పట్టాలంటే అంతే వస్తుందన్నాడు పాపం. నేను చూసుకోలా. నాకప్పుడు ఏం కనపడుతోంది? చర్చికి వెళ్ళేసరికి పెట్టె పక్కన బల్ల మీద అంత ఫ్రేము, అందులో వాడు, వాడి ఛాతీ మీద..."

"నన్ను లేపొద్దు."

"ఆ ఒక్క ముక్కే. కింద మాట లేదు. తాతయ్య అది చదివి కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. మళ్ళీ పెట్టుకోలా."

"పాస్టరు గారు పూలు అడ్డం జరిపారు."

"నేనే జరపమన్నాను. పూలు జరిపితే గడ్డం కూడా మూసుకుపోయింది. ఆపైన మే నెలలో ఇయర్‌బుక్ ఇచ్చారు. తెరిస్తే వాడి పేరు మీద బూడిదరంగు గడి. ఫోటో అందలేదు అని కింద. అది ఎవరి తప్పూ కాదు, పుస్తకం ముందే అచ్చుకి వెళ్ళిపోయిందంట. కానీ ఎంతమంది పిల్లలు నవ్వుతున్నారే ఆ పేజీలో! మధ్యలో ఆ గడి, పన్ను ఊడినట్టు."

"నేను దాని మీద కాగితం అంటించి వాడి బొమ్మ వేశాను. నీకు చూపించలేదు. పెన్సిలుతో."

"జుట్టు వేశావా?"

"వేశాను."

"మంచి పని చేశావు."

"ఏడవకమ్మా. నా గోళ్ళు ఇంకా ఆరలేదు, కళ్ళు తుడుద్దామన్నా కుదరదు."

"నేను ఏడవట్లా. నువ్వు ఏడవకు. మొహం ఉబ్బుతుంది. మళ్ళీ ఐసులో చేపవవుతావు."

"సరే విను. జాకెట్టు వేసుకోను. కార్లో నా పక్కన పెట్టుకుంటానంతే. నీలం గౌను వేసుకుంటాను, గొలుసు వేసుకుంటాను, తిన్నగా చూస్తాను. నవ్వడానికి కూడా చూస్తాను. బ్రెన్నాని రావద్దంటాను. అన్నీ నువ్వన్నట్టే."

"నా తల్లే."

"కానీ నువ్వు రావాలి."

"మళ్ళీ మొదలెట్టావా?"

"నువ్వు లేకుండా దిగితే ఆ ఫోటోలో నేను నిజంగానే చచ్చిపోయినదానిలా ఉంటాను. ఇసకలో ఒక్కదాన్నీ, చుట్టూ ఎవరూ లేకుండా. నువ్వు కెమెరా వెనక నిలబడి గడ్డమెత్తవే, వంగకే అని సణుగుతుంటేనే నాకు నవ్వొస్తుంది."

"నా వల్ల కాదే. నేను ఆ వంతెన మొదట్లోకి వెళ్ళి రెండుసార్లు వెనక్కొచ్చాను. మీ నాన్నకి కూడా చెప్పలా. పక్కకి ఆపి కూర్చున్నాను."

"నేను దాటాను."

"ఎప్పుడు?"

"బ్రెన్నా వాళ్ళ కార్లో. నీకు చెప్తే కంగారుపడతావని చెప్పలేదు. మొదటిసారి కళ్ళు మూసుకున్నాను. రెండోసారి చూశాను. అన్నయ్య బండి గుద్దిన చోట కమ్మీ కొత్తది వేశారు. మిగతాదంతా పాతది, ఆ ముక్క ఒక్కటే మెరుస్తూ ఉండేది."

"మెరుస్తుందా?"

"ఇప్పుడు లేదు. ఉప్పుగాలికి అది కూడా తుప్పు పట్టేసింది. తెలిసినవాళ్ళకి తప్ప తెలీదు. నువ్వు కళ్ళు మూసుకో. అయిపోయాక నేను చెప్తాను."

"డోరిన్ వేగంగా తోలుతుంది."

"నెమ్మదిగా తోలమంటాను."

"వెనక హారన్లు కొడతారు."

"కొట్టనీ. రావా?"

"ఇటు తిరుగు. గౌను తొడుక్కో. జిప్పు నేను పెడతాను."

"చెప్పు ముందు."

"ఊపిరి లోపలికి పీల్చు. చిక్కావే నువ్వు. నా చెప్పులెక్కడున్నాయో చూడు."

"ఏ చెప్పులు?"

"ఇసకలో తిరిగేవి. వెనక మెట్ల కింద పడేశాను అప్పుడెప్పుడో. సాలెపురుగులుంటాయి, దులుపు."

"నిజంగానా?"

"ఎక్కువ మాట్లాడితే మనసు మారుతుంది. నిలబడు తిన్నగా. చూడనీ నిన్ను. ఆ అద్దంలోకి తిరుగు."

"ఎట్లా ఉన్నాను?"

"ఉండు. బాగున్నావు. బాగున్నావే. భుజాలు వెనక్కి పెట్టు."

"అమ్మా, ఒక్కటడగనా? ఆఖర్లో నువ్వూ నేనూ కలిసి ఒకటి దిగుదాం. ఇప్పుడు నిలబడ్డట్టే. నువ్వు వెనక, నీ చెయ్యి నా భుజం మీద."

"నేనొద్దు. నేనెందుకు? చెయ్యి అసలొద్దు."

"మళ్ళీ చెయ్యి. అన్నయ్య ఫోటోలో ఆ చెయ్యుందనే కదా?"

"ఏ చెయ్యి?"

"నీకు తెలీదా? వాడి భుజం మీద నాలుగు వేళ్ళు. ఎవరిదో సగం ఊడిపోయిన ఎర్ర గోరురంగు. మనిషి లేదు, వేళ్ళే ఉన్నాయి. చర్చిలో నేను వాడి మొహం కంటే ఆ వేళ్ళనే ఎక్కువసేపు చూశాను. ఎవరిదమ్మా అది?"

"ఆ రోజు పెరట్లో చాలామంది ఉన్నారు."

"కెండ్రాదేమో అనుకున్నాను, వాడితో తిరిగేదిగా. అడిగితే నాది కాదంది, ఏడ్చింది కూడా. పిన్నినడిగితే మాట మార్చేస్తుంది. మొదట్లో నాకు ఆ చెయ్యంటే ఒళ్ళు మండేది. ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు వాడి పెట్టె దాకా వాడితో వచ్చినట్టు. తర్వాత తర్వాత... పోనీలే, ఎవరో ఒకళ్ళు వాణ్ణి పట్టుకునే ఉన్నారుగా అనిపించింది."

"జుట్టు ఇటు తిప్పు. గొలుసు పెడతాను."

"లూపర్ గారు దాన్ని చెరిపెయ్యొచ్చుగా? ఫోన్లోనే నిమిషంలో అయిపోతుంది. అంత పెద్ద ఫ్రేము కట్టినాయన, నాలుగు వేళ్ళు తియ్యలేకపోయాడా?"

"తీస్తానన్నాడు."

"మరి?"

"నేనే ఒద్దన్నాను."

"ఎందుకు? అదుగో, పిన్ని వచ్చింది, హారన్ కొడుతోంది. వస్తున్నాం పిన్నీ! చెప్పమ్మా, ఎందుకొద్దన్నావ్? ఎవరిదో చెయ్యి అన్నయ్య మీద ఎందుకుంచావ్?"

"ఎవరిదో కాదే, నాదే. ఆ ఫోటోలో వాడి పక్కనున్నది నేనే, నోరంతా తెరిచి నవ్వుతున్నాను. పెట్టె పక్కన నవ్వుతూ ఎట్లా ఉంటానని నన్ను కత్తిరించెయ్యమన్నాను. కత్తిరించాక ఆ వేళ్ళు మిగిలిపోయాయి. వీటిని కూడా తీసెయ్యమంటారా అమ్మా అని అడిగాడు. వాడి భుజం మీంచి నా చెయ్యి తీసెయ్యమని నా నోటితో ఎట్లా చెప్పను హాలీ?"